ఎక్స్‌రేలో బొక్క అతికింది, బాపు మాత్రం కోలుకోలేదు: కోలుకోవడాన్ని ఎవరిని అడిగి కొలవాలి?

ఓరుగల్లు_బిడ్డ
మా బాపు ఏనుమాముల మార్కెట్‌లో హమాలీ. పోయిన పత్తి సీజన్‌లో పని ముగించుకుని వస్తుండగా వెనుక నుంచి లారీ తగిలి కుడి తొడ ఎముక విరిగితే, ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆపరేషన్ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా ఆ తర్వాతి సంగతి గురించే. రివ్యూకు వెళ్లిన ప్రతిసారీ ఎక్స్‌రే తీస్తారు, ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి చూస్తారు, "బొక్క మంచిగ అతికింది, ఇగ ఫికర్ లేదు" అంటారు, ఫైలులో కోలుకున్నట్టు రాసి పంపిస్తారు. బాపు తల ఊపి లేచి వస్తాడు.

ఇంట్లో ఆయన గొంతుకూర్చోలేడు. నడుమ రంధ్రం కోసిన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని బాత్రూం వెళ్తాడు, లేచేటప్పుడు తలుపు చట్రం పట్టుకుంటాడు. ఆయన చెయ్యి పడే చోట చట్రం రంగు పూర్తిగా పోయింది. కుడివైపు ఒత్తిగిలి పడుకోలేడు. రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరు పక్కన ఉండాలి. మార్కెట్ దోస్తులు కబురు పెట్టినా పోడు. ఈ సంగతుల్లో ఒక్కటి కూడా ఏ కాగితం మీదా లేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. గాయపడిన మనిషి తన నోటితో చెప్పుకునే కోలుకోవడాన్ని, జీవితం ఎలా ఉందన్న దాన్ని కొలిచే పద్ధతి ఏదైనా ఉందా? ఉంటే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారా?

పీజీ_ఆర్థో
పద్ధతులు ఉన్నాయి, చాలాకాలంగా ఉన్నాయి. ముందుగా ఒక మాట చెప్పాలి: ఎక్స్‌రే ఎముకకు సంబంధించిన ప్రశ్నకు జవాబు చెబుతుంది, ఆ ప్రశ్న కూడా అవసరమైనదే. అతకని ఎముక మీద బరువు వేస్తే రాడ్ విరుగుతుంది, అందుకే మేము మొదట దాన్నే చూస్తాం. ఓపీలో ఒక్కొక్కరికి దొరికే సమయం ఎంతో మీకు తెలుసు. అయినా ఎముక అతకడమూ మనిషి కోలుకోవడమూ ఒకటి కావన్న మీ మాట నిజం.

ఎక్కువగా వాడేది ఈక్యూ-5డి. ఐదు అంశాలు అడుగుతుంది: నడక, స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం వంటి సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి లేదా ఇబ్బంది, ఆందోళన లేదా కుంగుబాటు. కొత్త రూపంలో ఒక్కో అంశానికి ఏ సమస్యా లేకపోవడం నుంచి అసలు చేయలేకపోవడం దాకా ఐదు స్థాయిలు ఉంటాయి. చివర ఒక నిలువు గీత ఉంటుంది. అడుగున 0, పైన 100. ఈరోజు మీ ఆరోగ్యం ఎక్కడ ఉందో దాని మీద మీరే గుర్తు పెట్టాలి. దీని తెలుగు ప్రతి కూడా ఉంది. ఐదు నిమిషాల పని.

ఫిజియో_హన్మకొండ
తొడ ఎముక విరిగిన హమాలీకి ఈక్యూ-5డి ఒక్కటే సరిపోదని నా అనుభవం. "నడకలో సమస్య ఉందా" అంటే "కొంచెం" అంటారు, అంతటితో ఆ గడి నిండిపోతుంది. వాళ్లకు అసలు కష్టం ఎక్కడుందో ఆ గడి చెప్పదు. కాలి గాయాలకు ప్రత్యేకంగా లోయర్ ఎక్స్‌ట్రిమిటీ ఫంక్షనల్ స్కేల్ అని 20 ప్రశ్నల పత్రం ఉంది, మేము ఎల్‌ఈఎఫ్‌ఎస్ అంటాం. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4, మొత్తం 80. ఎంత ఎక్కువ వస్తే అంత బాగున్నట్టు. గొంతుకూర్చోవడం, మంచం మీద పక్కకు తిరగడం, నేల మీద నుంచి వస్తువు ఎత్తడం, మెట్లు ఎక్కడం, గంటసేపు నిలబడటం ఇందులో విడివిడిగా ఉంటాయి. మీరు బాపు గురించి రాసిన వాటిలో రెండు నేరుగా అందులోనే ఉన్నాయి, చూడండి.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నడక గురించి అడిగితే ముఖం మామూలుగానే ఉంచి జవాబు చెబుతారు, గొంతుకూర్చోవడం గురించి అడిగినప్పుడే తల దించుకుంటారు. ఊళ్లో పెళ్లికో చావుకో పోతే అక్కడ బాత్రూం ఎలా ఉంటుందోనన్న భయంతో ఎక్కడికీ పోనివాళ్లను నేను చూశాను. ఒక్క కదలిక పోయినందుకు మనిషికి చుట్టాలే దూరమవుతారు.

ములుగురోడ్డు
నాకు ఇందులో ఒక మౌలికమైన సందేహం ఉంది. మోకాలు ఎంత వంగుతుందో గోనియోమీటర్ పెట్టి కొలవవచ్చు, ఎవరు కొలిచినా దాదాపు అంతే వస్తుంది. నోటితో చెప్పేది ఎలా కొలత అవుతుంది? ఒకరు ఓర్చుకుంటారు, ఇంకొకరు చిన్న దానికే గోల పెడతారు. ప్రమాదం కేసు నడుస్తున్నవాళ్లు ఉన్నదానికంటే ఎక్కువ చెప్పరని ఎలా నమ్మాలి? ఈ అంకెలను ఆధారం చేసుకుని వైద్యం మార్చడం నాకు సరిగా కనిపించడం లేదు.

క్లెయిమ్_వకీలు
ములుగురోడ్డు గారు లేవనెత్తిన సందేహమే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో ఎదుటి పక్షం రోజూ లేవనెత్తుతుంది కాబట్టి నేను జవాబు చెప్పాలి. చట్టమే మనిషి జీవితాన్ని కొలమానంగా తీసుకుంటుంది. తీవ్రమైన గాయం అంటే ఏమిటో చెప్పే సెక్షన్‌లో ఎముక విరగడంతో పాటు, బాధితుడు ఇన్ని రోజులు తీవ్రమైన నొప్పితో ఉండటం లేదా తన మామూలు పనులు చేసుకోలేకపోవడం కూడా ఉంది. పాత శిక్షాస్మృతి 320వ సెక్షన్‌లో అది 20 రోజులు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో 15 రోజులు.

నష్టపరిహారం విషయంలో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పిన మాట మాకు రోజూ ఉపయోగపడుతుంది. శరీరానికి వచ్చిన వైకల్యం శాతం వేరు, సంపాదించే శక్తికి జరిగిన నష్టం వేరు. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోవచ్చు, అదే ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చు. కాబట్టి బాధితుడు ఇప్పుడు ఏ పనులు చేయగలడు, ఏవి చేయలేడు అన్నది ముందు తేల్చమంది, ఆ తర్వాత ప్రమాదానికి ముందు ఆయన వృత్తి ఏమిటో, వయసెంతో చూడమంది. హమాలీకి గొంతుకూర్చుని బస్తా ఎత్తుకోవడం రాకపోతే, వైకల్య సర్టిఫికెట్‌లో ఎంత శాతం రాసినా ఆయన బతుకుదెరువు పోయినట్టే. ఆ సంగతి తేదీలతో సహా కాగితం మీద ఉంటే వాదించడానికి వీలవుతుంది. లేకపోతే రెండేళ్ల తర్వాత సాక్షి బోనులో జ్ఞాపకం మీద చెప్పాల్సి వస్తుంది.

ములుగురోడ్డు
వకీలు గారు, మీరు చెప్పినది నా సందేహాన్ని ఇంకా బలపరుస్తోంది. ఆ కాగితం కేసులో పనికొస్తుందని తెలిశాక ఎవరైనా సూటిగా జవాబు చెబుతారా?

గణాంకం
ఆ సందేహం న్యాయమైనదే, దాన్ని పరీక్షించినవాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలో లీప్ అనే అధ్యయనం జరిగింది. ఫలితాలు 2002లో వచ్చాయి. కాలు ఉంచాలా తీసేయాలా అనేంత పెద్ద గాయాలైన 569 మందిని ఎనిమిది ట్రామా కేంద్రాల్లో రెండేళ్లు వెంబడించారు. ప్రధానంగా కొలిచింది రోగులు స్వయంగా చెప్పిన 136 వాక్యాల ప్రశ్నావళి స్కోరునే. రెండేళ్ల తర్వాత కాలు నిలబెట్టినవాళ్లకూ తీసేసినవాళ్లకూ ఆ స్కోరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తిరిగి పనిలో చేరినవాళ్లు రెండు వర్గాల్లోనూ సుమారు సగం మందే. మళ్లీ ఆస్పత్రి పాలు కావడం, పేదరికం, చదువు తక్కువ కావడం, అండగా నిలిచే మనుషులు లేకపోవడం, తన వల్ల అవుతుందన్న నమ్మకం తక్కువగా ఉండటం, పొగ తాగడం ఉన్నవాళ్ల స్కోర్లు అధ్వానంగా ఉన్నాయి. పరిహారం వివాదంలో ఉండటం కూడా ఆ జాబితాలో ఉంది.

మీరు చెప్పినదానికి ఇది కొంత ఊతమే. అయితే కేసు ఉన్నవాళ్లు అబద్ధం చెబుతున్నారని దాని అర్థం కాదు. ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగడమే మనిషిని కుంగదీయవచ్చు, లేదా ఎక్కువ నష్టపోయినవాళ్లే కోర్టుకు వెళ్లి ఉండవచ్చు. లెక్క వేసేటప్పుడు కేసు ఉందా లేదా అన్నది కూడా రాసుకుని విడిగా చూడాలి. అంతమాత్రాన అడగడం మానేయనక్కర్లేదు. గాయం ఎంత పెద్దదో ఎక్స్‌రే చెప్పగలదు, కానీ ఎవరు లేచి నిలబడతారన్నది మాత్రం ఇంట్లో అన్నం ఉందా, మనిషి తోడు ఉందా అన్నదాని మీద చాలావరకు ఆధారపడుతోందని ఆ అధ్యయనం చూపింది. వాళ్లను అడిగారు కాబట్టే ఆ సంగతి తెలిసింది.

కాజీపేట్_జంక్షన్
గోనియోమీటర్ గురించి ఒక మాట. మా అన్నకు మోకాలు 120 డిగ్రీలు వంగుతుందని రాశారు. కాగితం మీద అది మంచి అంకె. పొలంలో నాటు వేసే కూలీలకు ముందుండి నారు కట్టలు అందించే మనిషి, ఇప్పుడు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. ఆ అంకెను ఎవరు కొలిచినా అంతే వస్తుంది, మా అన్న దుఃఖం మాత్రం అందులో రాదు.

మోకు_ముస్తాదు
నేను గీత కార్మికుడిని, తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్నది, నడుము కింద స్పర్శ లేదు. చక్రాల కుర్చీలో ఉంటాను, ఊళ్లోనే చిన్న కిరాణం నడుపుతాను. ఇలాంటి ప్రశ్నలు నన్ను అడిగారు కాబట్టి రాస్తున్నాను.

పరిశోధన కోసం వచ్చిన ఒక విద్యార్థి పీజీ_ఆర్థో గారు చెప్పిన ఆ నిలువు గీత నా ముందు పెట్టాడు. నేను 70 దగ్గర గుర్తు పెట్టాను. ఆ అబ్బాయి నా కాళ్లు చూసి, నా ముఖం చూసి, "పెద్దయ్యా, ఇంకోసారి ఆలోచించండి" అన్నాడు. నేను ఆలోచించే పెట్టాను. పడిన మొదటి ఏడాది అడిగి ఉంటే 10 కూడా పెట్టేవాడిని కాదు. పక్కపుండ్లు, మూత్రం గొట్టం, రాత్రంతా జ్వరం, ఆ రోజులు వేరు. ఇప్పుడు పుండ్లు లేవు, కొట్టు ఉంది, మనవడు పక్కన కూర్చుని లెక్కలు రాస్తాడు. బయటివాళ్లు నా కాళ్లు చూసి నా బతుకు విలువ కట్టుకుంటారు. నేను చెప్పిన అంకెను దయచేసి సరిదిద్దకండి.

ఇంకొకటి. చెట్టు మీద నుంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచాలు 2024లో ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టింది, అది మంచి పని. పడిపోయినవాళ్లు తర్వాత ఎలా బతుకుతున్నారని అడిగేవాళ్లు కూడా ఉండాలి.

పీజీ_ఆర్థో
పెద్దయ్యా, మీ మాట మా తరగతి గదిలో చదివి వినిపించాల్సింది. అడిగేవాడు జవాబును దిద్దకూడదన్నది మాకు మొదట నేర్పాల్సిన నియమం.

గణాంకం
మోకు_ముస్తాదు గారు చెప్పినదాంట్లో లోతైన చిక్కు ఒకటి ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. మనిషి తన కొలబద్దను తానే మార్చుకుంటాడు. గాయమైన కొత్తలో 50 అంటే ఒక అర్థం, మూడేళ్ల తర్వాత అదే 50కి ఇంకో అర్థం. కాబట్టి స్కోరు పెరిగితే శరీరం బాగుపడిందా, మనసు సర్దుకుందా అన్నది అంకె ఒక్కటే చెప్పలేదు. నా దృష్టిలో రెండూ కోలుకోవడమే, కానీ విడివిడిగా రాసుకోవాలి.

రెండో చిక్కు ఈక్యూ-5డి లెక్కలోనే ఉంది. ఐదు అంశాలు, ఐదేసి స్థాయిలు కలిపితే 3,125 రకాల ఆరోగ్య స్థితులు వస్తాయి. వాటికి విలువలు కట్టడానికి మన దేశంలో ఐదు రాష్ట్రాల్లో 3,548 మంది సామాన్య ప్రజలను అడిగి 2022లో ఒక పట్టిక ప్రచురించారు. పూర్తి ఆరోగ్యానికి 1, మరణానికి 0. అన్నింటిలోనూ ఐదో స్థాయిలో ఉన్న స్థితికి వచ్చిన విలువ మైనస్ 0.923, అంటే మరణం కంటే హీనమని జనం భావించారు. ఆ విలువ కట్టింది ఆ స్థితిలో ఉన్నవాళ్లు కాదు, దాన్ని ఊహించుకున్న సాధారణ ప్రజలు. ప్రభుత్వ డబ్బు ఏ చికిత్సకు ఖర్చు పెట్టాలో తేల్చేటప్పుడు ఆ పట్టిక పనికొస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ఎలా ఉన్నాడో తెలుసుకోవాలంటే ఆయన పెట్టిన గుర్తునే చూడాలి.

మోకు_ముస్తాదు
నన్ను చూడనివాళ్లు నా బతుకు చావుకంటే హీనమని లెక్క రాస్తే నేను ఒప్పుకోను.

గణాంకం
మీరు ఒప్పుకోకపోవడం సబబే. ఆ వాదన ఈ రంగంలోనూ నడుస్తోంది.

ఆశా_పరకాల
నేను ఇంటింటికీ తిరిగే మనిషిని, అక్కడ చూసినది చెబుతాను. ఎవరిని అడుగుతున్నాం, ఆ సమయంలో పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. మణికట్టు విరిగిన ఒక అమ్మను అత్తగారి ముందు "ఇంటి పనులు చేసుకోగలుగుతున్నారా" అని అడిగితే "అన్నీ చేస్తున్న" అంది. పెరట్లోకి తీసుకెళ్లి అడిగితే చెయ్యి చూపించింది. రొట్టె పిండి పిసకడానికి ఎడమ చెయ్యి మోపుతోంది, బిందె ఎత్తలేక చెంబుతో పోసుకుంటోంది, రాత్రి తిమ్మిరికి లేచి కూర్చుంటోంది. చేస్తున్నావా అంటే చేస్తోంది, ఎందుకంటే చేయకపోతే ఇల్లు గడవదు. ఎంత కష్టంతో చేస్తున్నావని అడిగితేనే నిజం బయటికి వస్తుంది.

మగవాళ్ల విషయంలో ఇంకో తంటా ఉంది. మంచం మీద ఉన్న మనిషిని అడిగితే భార్యో కొడుకో జవాబు చెబుతారు. స్పృహ సరిగా లేనివాళ్లకు అది తప్పదు, మాట్లాడగలిగినవాళ్ల దగ్గర అది పనికిరాదు. నొప్పి సంగతి ఇంట్లోవాళ్లకు చాలాసార్లు తెలియదు, తెలియనివ్వరు కూడా.

ఫిజియో_హన్మకొండ
ఆశా_పరకాల గారు చెప్పినదానికి తగ్గట్టే చేతి గాయాలకు వాడే డ్యాష్ ప్రశ్నావళిలో "చేయగలరా" అని కాకుండా "ఎంత కష్టమైంది" అని అడుగుతారు, ఐదు స్థాయిల్లో. అందులో 30 ప్రశ్నలు, చిన్న రూపంలో 11. బరువైన వస్తువు మోయడం అని ఒక ప్రశ్న ఉంది. బరువంటే సుమారు నాలుగున్నర కిలోలు దాటినదని దాని లెక్క. మిర్చి బస్తా మోసే మనిషికి నాలుగున్నర కిలోలు బరువే కాదు. "కష్టం లేదు" అని గుర్తు పెట్టేస్తాడు, స్కోరు బ్రహ్మాండంగా వస్తుంది, మార్కెట్‌కు పోతే మొదటి బస్తాకే భుజం పడిపోతుంది. అందుకే నేను మా దగ్గర వాడే కాగితంలో ఆ ప్రశ్నను బస్తా బరువుకు మార్చి అడుగుతున్నాను.

పీజీ_ఆర్థో
ఇక్కడ మీతో విభేదిస్తున్నాను. ప్రశ్న మార్చిన క్షణం నుంచి అది డ్యాష్ కాదు. ఆ స్కోరును ఇంకో ఆస్పత్రి స్కోరుతో గానీ, ఇదే రోగి వేరేచోట ఇచ్చిన స్కోరుతో గానీ పోల్చలేం. ఒక ప్రశ్నావళి నమ్మదగినదని తేల్చడానికి వందలమంది మీద పరీక్షిస్తారు. ఆ పరీక్ష ఆ ప్రశ్నలకే వర్తిస్తుంది.

ఫిజియో_హన్మకొండ
పోలిక కోసం నా రోగి కష్టాన్ని వదిలేయమంటారా?

పీజీ_ఆర్థో
వదిలేయమనడం లేదు. ప్రశ్నావళిని ఉన్నది ఉన్నట్టుగా నింపించండి. దాని కింద వేరే కాగితం మీద, ఆ మనిషికి అన్నిటికంటే ముఖ్యమైన మూడు నాలుగు పనులు ఆయననే అడిగి రాసుకుని, ఒక్కోదానికి 0 నుంచి 10 మార్కులు ఆయనతోనే వేయించండి. పేషెంట్ స్పెసిఫిక్ ఫంక్షనల్ స్కేల్ అని సరిగ్గా దీనికోసమే ఒకటి ఉంది. అసలు చేయలేకపోతే 0, గాయానికి ముందులా చేయగలిగితే 10. హమాలీ అయితే బస్తా ఎత్తడం అంటాడు, ఆ అమ్మ రొట్టె చేయడం అంటుంది. ప్రశ్నావళి చెడిపోదు, కష్టమూ కాగితం మీదికి వస్తుంది.

ఫిజియో_హన్మకొండ
ఇది ఒప్పుకుంటాను. రెండూ పక్కపక్కన ఉంచడం నేను చేస్తున్నదానికంటే మంచి దారి.

గోదావరిఖని_షిఫ్ట్
నేను బొగ్గు గనిలో పనిచేస్తాను. కోలుకోవడం అంటే మా దగ్గర ఒకటే గుర్తు: ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చుకుని డ్యూటీ ఎక్కడం. పైకప్పు పెళ్ల మీద పడి కాలు నలిగిన మా మిత్రుడు డ్యూటీ ఎక్కాడు కాబట్టి అందరి దృష్టిలో కోలుకున్నట్టే. ఆయన కేజ్ (గని లిఫ్టు) దిగేటప్పుడు నా భుజం పట్టుకుంటాడు, ఆ పట్టు ఎంత గట్టిగా ఉంటుందో నాకు తెలుసు. పిల్ల పెళ్లి అప్పు ఉంది కాబట్టి దిగుతున్నాడు. మీరు చెప్పిన ప్రశ్నావళుల్లో పనిలో చేరారా లేదా అన్నదే కాకుండా, ఎలా చేస్తున్నారు అన్నది కూడా ఉంటుందా?

గణాంకం
ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో విడుదల చేసిన హూడాస్ 2.0 చూడండి. 12 ప్రశ్నల రూపం, 36 ప్రశ్నల రూపం ఉన్నాయి. గడిచిన 30 రోజుల్లో అరగంట నిలబడటం, కిలోమీటరు నడవడం, ఒళ్లంతా కడుక్కోవడం, ఇంటి బాధ్యతలు, ఊరి వేడుకల్లో పాల్గొనడం, కొత్తవాళ్లతో మాట్లాడటం, రోజువారీ పని, ఆరోగ్య సమస్యల వల్ల మనసు ఎంత దెబ్బతిన్నది అని అడుగుతుంది. చివర మూడు ప్రశ్నలు రోజుల లెక్క: ఆ 30 రోజుల్లో ఎన్ని రోజులు ఈ ఇబ్బందులు ఉన్నాయి, ఎన్ని రోజులు అసలు పని చేయలేకపోయారు, ఎన్ని రోజులు పని తగ్గించుకున్నారు. మీ మిత్రుడు రెండో ప్రశ్నకు సున్నా అనవచ్చు, మొదటిదానికి 30 అంటాడు. ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే మీరు అడిగినది ఉంది.

కాలవ్యవధిని కూడా గమనించండి. ఈక్యూ-5డి ఈరోజు సంగతి అడుగుతుంది, హూడాస్ నెల సంగతి అడుగుతుంది. ముసురు పట్టి రాడ్ ఉన్న కాలు గుంజుతున్న రోజున మొదటిది నింపిస్తే ఒక జవాబు, ఎండ కాసిన రోజున ఇంకో జవాబు వస్తుంది.

ఓరుగల్లు_బిడ్డ
గోదావరిఖని అన్న రాసినది చదువుతుంటే బాపు కూడా వచ్చే సీజన్‌కు ఇలాగే మార్కెట్‌కు పోతాడేమోనని భయం వేస్తోంది. గణాంకం గారు, ఎన్ని నెలలకు ఒకసారి అడగాలి?

గణాంకం
ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2001 నుంచి పెద్ద గాయాల రిజిస్ట్రీ నడుస్తోంది. గాయమైన ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు ఫోన్ చేసి ఎలా ఉన్నారో, పనిలో చేరారో లేదో, నొప్పి ఎంత ఉందో అడుగుతారు. అంత దూరం వెంబడించడానికి కారణం ఉంది: ఎముక నెలల్లో అతుకుతుంది, మనిషి సంగతి తేలడానికి ఏడాదికి పైనే పట్టవచ్చు.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారనీ 4,43,366 మంది గాయపడ్డారనీ కేంద్ర రవాణా శాఖ లెక్క. గాయపడ్డవాళ్లు అన్న ఆ రెండో అంకె అక్కడితో ఆగిపోతుంది. వాళ్లలో ఎవరు మళ్లీ పొలానికి పోయారు, ఎవరు మంచానికి అంటుకున్నారు అన్నది ఆ అంకెలో లేదు. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల అందుకే.

ఫోన్ చేసి అడగడంలో ఒక ప్రమాదం ఉంది. ఎత్తనివాళ్లు ఎవరు? బాగుపడి బొంబాయికో దుబాయికో పనికి పోయినవాళ్లు కావచ్చు, అప్పుల వల్ల సిమ్ మార్చుకున్నవాళ్లు కావచ్చు, చనిపోయినవాళ్లు కావచ్చు. దొరికినవాళ్ల సగటు మాత్రమే చెప్పి అందరూ బాగున్నారంటే తప్పుడు లెక్క అవుతుంది. దొరకనివాళ్లు ఎంతమందో తప్పకుండా రాయాలి.

ములుగురోడ్డు
అడగడం వల్ల ప్రయోజనం ఉందని ఒప్పుకుంటున్నాను. కానీ గాయానికి ముందు ఎలా ఉన్నారో తెలియకుండా తర్వాతి అంకెకు అర్థం ఏమిటి? అరవై ఏళ్ల మనిషికి అంతకుముందే మోకాళ్ల నొప్పులు ఉండవచ్చు కదా.

గణాంకం
సరైన ప్రశ్న. ప్రమాదం ఎవరికీ చెప్పి రాదు కాబట్టి ముందటి స్కోరు ఎప్పుడూ ఉండదు. ఆస్పత్రిలో చేరిన కొద్దిరోజుల్లోనే, "దెబ్బ తగలడానికి ముందు వారం మీరు ఎలా ఉన్నారు" అని అదే పత్రంతో అడిగి రాసుకోవడం ఒక పద్ధతి. ఏడాది తర్వాత అడిగితే ముందటి రోజులన్నీ బంగారంలా కనిపిస్తాయి. తొందరగా అడిగినా కొంత అలాగే ఉంటుంది, అయినా ఏమీ లేకపోవడం కంటే అది మేలు.

నర్సు_సుబేదారి
మొదటి పోస్టులో ఒక వాక్యం ఎవరూ పట్టించుకోలేదు. బాపు రోడ్డు దాటలేకపోతున్నాడు, దోస్తుల దగ్గరికి పోవడం లేదు. అది కాలి సమస్య మాత్రమే అని నేను అనుకోను. ప్రమాదం తర్వాత నిద్రలో ఉలిక్కిపడటం, ఆ చోటుకు పోకపోవడం, వెనుక హారన్ మోగితే గుండె దడదడలాడటం చాలామందిలో చూస్తాం. వాటికీ ప్రశ్నావళులు ఉన్నాయి. కుంగుబాటుకు పీహెచ్‌క్యూ-9, గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు. ప్రమాదం మిగిల్చిన భయానికి పీసీఎల్-5, గడిచిన నెల గురించి 20 ప్రశ్నలు. పీహెచ్‌క్యూ-9లో చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. ఆ ప్రశ్నకు "ఉంది" అని జవాబు వస్తే కాగితం మడిచి ఫైలులో పెట్టకూడదు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. మానసిక సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

జవాబు విన్న తర్వాత ఏం చేస్తామో తెలియకుండా అడగవద్దని మా వార్డులో కొత్తగా వచ్చేవాళ్లకు చెబుతాను. బాధ చెప్పుకున్న మనిషి, చెప్పినా ఏమీ జరగలేదని రెండోసారి కుంగిపోతాడు.

ఓరుగల్లు_బిడ్డ
అక్కా, మీరు చెప్పాక నిన్న సాయంత్రం అమ్మ బయటికి వెళ్లినప్పుడు బాపు పక్కన కూర్చుని హూడాస్ ప్రశ్నలు ఒక్కొక్కటీ చదివాను. ఆశా_పరకాల గారు చెప్పినట్టే ఇంకెవరూ లేకుండా చూసుకున్నాను. నడక దగ్గర "కొంచెం కష్టం" అన్నాడు, నిలబడటం దగ్గర కూడా అంతే. మనసు ఎంత దెబ్బతిన్నదన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగి, "చాలా" అని గుర్తు పెట్టమన్నాడు. ఏమైంది బాపూ అంటే, మేస్త్రి తన జట్టులో తన స్థానంలో ఇంకొకరిని పెట్టుకున్నాడని చెప్పాడు. ఆ సంగతి అమ్మకు కూడా చెప్పలేదట. దోస్తుల దగ్గరికి పోకపోవడానికి కారణం అది. కాలు కాదు.

పీజీ_ఆర్థో గారు చెప్పిన మూడు పనులు కూడా అడిగాను. గొంతుకూర్చుని లేవడం, బస్తా ఎత్తుకోవడం అన్నాడు. మూడోది నేను ఊహించనిది: బండి మీద అమ్మను కొమ్మాల జాతరకు తీసుకుపోవడం.

నర్సు_సుబేదారి
మనసు ప్రశ్నకు "చాలా" అని వచ్చింది కాబట్టి పీహెచ్‌క్యూ-9 కూడా ఈ వారంలోనే అడగండి, మీకు ఇబ్బందిగా ఉంటే ఆస్పత్రిలో నర్సుతో అడిగించండి. కూతురి ముందు చెప్పలేనివి కొన్ని ఉంటాయి.

క్లెయిమ్_వకీలు
కేసు ఉంటే ఈ కాగితాల మీద మీరు నింపిన దానికంటే ఫిజియో గానీ డాక్టరు గానీ నింపించి, తేదీ వేసి సంతకం పెట్టినది బలంగా నిలుస్తుంది. ఇంట్లో నింపినవి చూపించి రివ్యూలో ఫైలులోకి ఎక్కించమని అడగండి. పరిహారం కోసం ఏ గుర్తూ మార్చకండి. ఎదుటి వకీలు ఆ ప్రశ్నలన్నీ మళ్లీ అడుగుతాడు, నిజం ఎన్నిసార్లు అడిగినా ఒకేలా ఉంటుంది.

పీజీ_ఆర్థో
రివ్యూకు వెళ్లినప్పుడు కాగితాలన్నీ ఒకేసారి ఇవ్వవద్దు, ఓపీ రద్దీలో ఎవరూ చదవలేరు. పైన ఒక్క పేజీ ఉంచండి: ఎల్‌ఈఎఫ్‌ఎస్ మొత్తం స్కోరు, ఆయన చెప్పిన మూడు పనులకు వేసిన మార్కులు, నొప్పి ఎప్పుడు ఎక్కువవుతుందో ఒక వాక్యం. గొంతుకూర్చోలేకపోవడానికి కారణం మోకాలు బిగుసుకోవడమా, తొడ కండరం బలహీనపడటమా, రాడ్ చివర స్క్రూ గుచ్చుకోవడమా అన్నది పరీక్షించి చూడమని నోరు తెరిచి అడగండి. మూడింటికీ చేయగలిగినది ఉంది.

ఫిజియో_హన్మకొండ
ఎల్‌ఈఎఫ్‌ఎస్ ఈ వారం ఒకసారి, వ్యాయామాలు మొదలుపెట్టిన ఆరు వారాలకు ఒకసారి నింపించండి, మధ్యలో రోజూ అడిగి ఆయనను విసిగించవద్దు. రెండోసారి నింపేటప్పుడు మొదటి కాగితం చూపించకండి. 80కి రెండు స్కోర్ల మధ్య తేడా 9 కంటే తక్కువ ఉంటే మెరుగుపడ్డాడని గానీ దిగజారాడని గానీ అనుకోవద్దు, ఆ మాత్రం అటూ ఇటూ మామూలుగానే ఊగుతుంది. 9 లేదా అంతకు మించి పెరిగితే మనం చేయిస్తున్నది పనిచేస్తున్నట్టు లెక్క. పెరగకపోతే వ్యాయామాలు మారుద్దాం, అప్పుడు రెండు కాగితాలూ తీసుకుని రండి.